గవిని వెలుపలి వార్తాహరులు
(కుష్ఠువ్యాధి సేవలో ప్రచారము, ధర్మధనము: ఒక చరిత్ర పరిశీలన)

రాజుల రెండవ గ్రంథము ఏడవ అధ్యాయములోని వృత్తాంతము మన సంఘస్థులందరికి పరిచితమే. షోమ్రోను పట్టణమును సిరియనులు ముట్టడించారు. లోపల ఘోరమైన కరవు. గవిని వెలుపల నలుగురు కుష్ఠరోగులు కూర్చుండి ఉన్నారు. ఊరిలోనికి పోయినా చావే, అక్కడ కూర్చున్నా చావే అని తలంచి, వారు శత్రువుల దండుపేటలోనికి వెళ్ళారు. అక్కడ మనుష్యులు లేరు, ఆహారము మాత్రము సమృద్ధిగా ఉన్నది. కడుపునిండ తిన్న తరువాత, ఈ మంచి వార్తను మనలోనే దాచుకొనుట తగదని వారికి తోచింది. వారు వచ్చి గవిని కాపరులకు చెప్పారు. రాజు మొదట నమ్మలేదు. తీరా గుఱ్ఱపు రౌతులను పంపి చూడగా వారు చెప్పినది నిజమే అని తేలింది.

ఈ వృత్తాంతముపై మనము అనేక ప్రసంగములు విన్నాము. అయితే ఒక సంగతి గమనించండి. ఊరు ఎవరిని వెలివేసిందో వారి నోటి మాటతోనే ఊరు బ్రతికింది. శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, ఈ నలుగురే నా మనస్సులో మెదిలారు. మన సంఘములు వ్యాధిగ్రస్థులకు ఆసుపత్రులు కట్టినవి, అన్నము పెట్టినవి. వారి మాట వినిపించుటకు మనమేమి ఖర్చుపెట్టాము? ఈ ప్రశ్నతో గడచిన నూటయేబది సంవత్సరముల చరిత్రను తిరగవేయుదము.

ఉపన్యాసము, చిన్న పుస్తకము, ముప్పది పౌనులు

వెల్లెస్లీ బెయిలీ అను ఐర్లండు దేశస్థుడు 1869లో పంజాబులోని అంబాలాలో మొదటిసారి కుష్ఠురోగుల ఆశ్రమమును చూశాడు. 1874లో స్వదేశమునకు పోయినప్పుడు, డబ్లిను నగరపు సమీపమున తాను చూచినదానిని గూర్చి ఉపన్యసించాడు. పిమ్ అను ఇంటిపేరుగల అక్కచెల్లెండ్రు సంవత్సరమునకు ముప్పది పౌనులు పోగుచేసి ఇచ్చెదమని మాట ఇచ్చారు. ఆ ఉపన్యాసమును చిన్న పుస్తకముగా అచ్చువేయగా, అది చేతులు మారి, అనుకొన్న ముప్పదికి బదులు ఆరువందల పౌనుల వరకు వచ్చినవట. అదే 'మిషన్ టు లెపర్స్'కు ఆరంభము. నేడు మనము 'లెప్రసీ మిషన్' అని పిలుచునది అదే. మన తెలుగు దేశములో సాలూరులోని ఫిలదెల్ఫియ ఆసుపత్రి ఆ మిషను సేవలో ప్రసిద్ధి గన్నది.

ఆ మిషనువారు నడిపిన పత్రిక పేరుకు 'పాళెము వెలుపల' అని అర్థము. లేవీయకాండము ఎరిగినవారికి ఆ పేరులోని భావము వేరుగా చెప్పనక్కరలేదు. దూరదేశములోని ఒక విశ్వాసి ఆ పత్రిక చదివి, బొమ్మ చూచి, కన్నీరు కార్చి, తన కానుక పంపేవాడు. అమెరికాలో 1913లో విల్బర్ చాప్మన్ అను బాలుడు ఒక పందిపిల్లను కొని, పెంచి, అమ్మి, ఆ సొమ్మును ఒక కుష్ఠురోగి పోషణకై ఇచ్చాడు. ఆ కథ దేశమంతట ప్రచారమై, పంది ఆకారపు డబ్బు డబ్బీలలో పిల్లలు చిల్లర వేయుట ఒక ఉద్యమమైనది. ఆ పంది పేరు పీట్. అమెరికాలో దానికి జ్ఞాపకస్తంభము కూడ ఉన్నది. ఈ కథ విన్నవారికి పంది పేరు జ్ఞాపకముండును. ఆ సొమ్ముతో బ్రతికిన రోగి పేరు ఎందరికి జ్ఞాపకమున్నది?

దాతలను తప్పుపట్టుటకు నేనిట్లు వ్రాయుటలేదు. వారి చిల్లర లేనియెడల మన దేశములో వేలమంది దిక్కులేక చనిపోయేవారు. అయితే ఆనాటి ప్రచారమంతయు ఒకే దిక్కున నడిచినది. రోగి బొమ్మ సముద్రము దాటి పోయేది, సొమ్ము సముద్రము దాటి వచ్చేది. ఆ రోగి పుట్టిన ఊరిలో మాత్రము భయము కదలక మెదలక అట్లే ఉండేది.

డిచ్‌పల్లి నేర్పిన పాఠము

మన తెలంగాణలో ఈ సేవకు పెట్టినది పేరు డిచ్‌పల్లి. వెస్లియన్ మిషనుకు చెందిన జార్జి కెర్ దొరగారును ఆయన భార్య డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారును 1907లో నైజాము రాజ్యమునకు వచ్చారు. నిజామాబాదు ప్రాంతములో వైద్యము చేయుచుండగా కుష్ఠురోగుల దురవస్థ వారిని కలచివేసింది. విశేషమేమంటే, ఆ ఆసుపత్రికి పెద్ద మొత్తము ఇచ్చినది విదేశీయ క్రైస్తవుడు కాడు. నిజామాబాదుకు చెందిన హిందువైన రాజా నర్సాగౌడు గారు ధారాళముగా విరాళమిచ్చారు. నైజాము ప్రభుత్వమును సహాయము చేసింది. 1915 నాటికి డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి నిలిచింది. డాక్టరు ఇసబెల్ గారు 1932లో కన్నుమూసేవరకు అదే ఆమె లోకము.

1920లలో చాల్‌మోగ్ర జాతి నూనెను సూదిమందుగా ఇచ్చు పద్ధతి వచ్చినది. బాగుపడిన రోగి ఒకడు ఊరికి తిరిగి పోతే చాలు, అతని వెనుక పదిమంది బండ్లు కట్టుకొని వచ్చేవారు. స్థలము చాలక త్రిప్పి పంపవలసి వచ్చేది. అచ్చుపుస్తకము చేయలేని పనిని బాగుపడినవాని ముఖము చేసింది. ఇది ఆనాటి సేవకులకు కూడ తెలిసినది.

1924లో ఇంగ్లండులో స్థాపించబడిన కుష్ఠువ్యాధి నివారణ సంఘమువారు (నేడు 'లెప్రా' అని పిలువబడు సంస్థ) మన దేశములో ఒక పథకము నడిపారు. డాక్టరు ఎర్నెస్టు మ్యూర్ గారి నాయకత్వమున నడిచిన ఆ పథకమునకు మూడు కాళ్ళు: ప్రచారము, చికిత్స, సర్వే. సంబల్పూరువాడైన డాక్టరు ఐజాక్ శాంత్రా గారు 1927 నుండి దేశమంతట తిరిగి సర్వే జరిపారు. మూడింటిలో ప్రచారమును మొదట పెట్టుటలో వివేకమున్నది. జనులు దాచుకొన్న రోగమును సర్వేలో లెక్కించలేము, లెక్కకు రానివానికి చికిత్స చేయలేము. భయము పోనిదే తలుపు తెరవరు.

కాని ఆ ప్రచారము కూడ డాక్టరు చెప్పగా జనులు విను ప్రచారమే. రోగి చూపించబడువాడే గాని చూపించువాడు కాడు.

నందికొండలో నేను చూచినది

మా నందికొండ ఊరు డ్యాముతో పెరిగినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేయగా, 1967లో ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. ఆ పన్నెండు సంవత్సరములలో రాయి మోయుటకు, సున్నము కలుపుటకు అనేక జిల్లాల నుండి కూలిజనులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వారిలో మన సంఘస్థులు అనేకులు.

నా బాల్యములో, 1980ల చివర, గ్రామాలలో సర్కారు గోడలమీద కుష్ఠువ్యాధి ప్రకటనలు వ్రాసేవారు. 'త్వరగా చికిత్స పొందండి' అని క్రింద అక్షరాలు. పైన వంకరపోయిన చేయి, కూరుకుపోయిన ముక్కు. అక్షరాలు చదువరానివారే ఎక్కువ గనుక వారికి ఆ బొమ్మ ఒక్కటే చేరింది. పల్లెలలో ఆ వ్యాధి పేరు కూడ ఎత్తరు. పెద్దరోగము అంటారు. ఆ గోడ ప్రక్కనుండి పోవునప్పుడు మేము పిల్లలము పరుగెత్తేవారము. మంచి మందు వచ్చిన కాలములోనే మేమట్లు పరుగెత్తాము.

మందు సంగతి కొంత చెప్పవలెను. 1940లలో డాప్సోను మాత్రలు వచ్చినవి. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు రెండు మూడు మందులను కలిపి ఇచ్చు బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేశారు. 1983 నుండి మన జాతీయ కార్యక్రమము దానిని చేపట్టింది. ఆరు నెలలు గాని, సంవత్సరము గాని మందు వాడితే వ్యాధి నయమగును. మందు ప్రారంభించిన స్వల్పకాలములోనే అది ఇతరులకు అంటుట ఆగిపోవును. 2005 చివరకు దేశములో పదివేలమందికి ఒకరికంటె తక్కువ స్థాయికి వ్యాధి దిగినదని ప్రభుత్వము ప్రకటించింది. దిగినదే గాని అంతరించలేదు. నేటికిని మన దేశములో ఏటేట కొత్తగా వ్యాధి సోకినవారు కనుగొనబడుచున్నారు.

నల్లగొండలో ఇటలీ దేశపు పీమె సభకు చెందిన ఫాదర్ లుయీజీ పెజ్జోని గారు కుష్ఠువ్యాధిగ్రస్థుల మధ్య దీర్ఘకాలము సేవచేసి పేరుగాంచారు. సంఘభేదము పాటించక మనము కృతజ్ఞతతో తలంచుకొనవలసిన పేరు అది. ఇటలీలో 1961లో ఆరంభమైన రావుల్ ఫోలెరో మిత్రుల సంఘమువారు కుష్ఠువ్యాధి దినమున తేనె సీసాలు అమ్మి సొమ్ము కూర్చుట ఆచారముగా పెట్టుకొన్నారు. రావుల్ ఫోలెరో గారే 1954లో ఆ దినమును నెలకొల్పారు. మన దేశములో దానిని గాంధీజీ వర్ధంతియైన జనవరి 30న పాటించుచున్నాము.

నా తప్పు ఒకటి

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకొనక తప్పదు. వేదాంత కళాశాల నుండి బయటికి వచ్చి, ఒక చోట మొదటి సంఘములో పనిచేయుచున్న దినములలో, ఆ ఊరి ప్రక్కనున్న వ్యాధిగ్రస్థుల కాలనీకి దుప్పట్లు కొనుటకై నేను ఒక కరపత్రము అచ్చువేయించాను. దానిమీద ఒక ముసలమ్మ చేతుల ఫోటో వేశాము. పేరు వేయలేదు, ముఖము వేయలేదు. అదే మర్యాద అనుకొన్నాను. కానుకలు బాగుగా వచ్చినవి. దుప్పట్లు పంచు దినమున ఆమె దుప్పటి తీసికొనలేదు.

"అయ్యగారూ, నా చేతులు ఊరంత పంచిండ్రు గదా, నన్నొక్క మాట అడుగకపోతిరి?" అన్నది. "అట్ల కాదమ్మా, పేరు వేయలేదు గదా" అన్నాను. "పేరెందుకయ్యా, ఈ కడియం చూస్తె మా బిడ్డ అత్తగారికి తెల్వదా? ఆ కాయితం ఆళ్ళింటికి పోయింది. బిడ్డను పండుగకు తోలలేదు."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె వ్యాధి నయమై ఇరువది సంవత్సరములైనది. మందు ఆమెకు ఇచ్చిన విడుదలను నా కరపత్రము కొంత వెనుకకు తీసికొన్నది. తరువాత నేను ఆమె కూతురి అత్తవారింటికి పోయి మాట్లాడాను. బిడ్డ సంక్రాంతికి రాలేదు గాని ఉగాదికి వచ్చినది. ఆ మధ్యనున్న నెలలను నేను తిరిగి ఇవ్వలేను.

ఇది నా ఒక్కని తప్పు కాదని చరిత్ర చదివిన తరువాత తెలిసినది. 2010లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ వ్యాధిగ్రస్థులపై వివక్షను తొలగించుటకు తీర్మానము చేసినప్పుడు, దానితోడి సూత్రములలో పత్రికలు, ప్రచార సాధనములు వారిని గౌరవముగా చూపవలెనని పేర్కొన్నారు. మన సుప్రీంకోర్టు 2018లో పంకజ్ సిన్హా గారి వ్యాజ్యములో తీర్పిచ్చుచు, భయము పుట్టించు బొమ్మలను ప్రచారములో వాడుట మానవలెననియు, స్వస్థపడినవారు తమ అనుభవమును తామే చెప్పునట్టి బొమ్మలను వాడవలెననియు ఆదేశించింది. 1898 నాటి లెపర్స్ చట్టము 2016లో రద్దయినది. ఈ వ్యాధిని విడాకులకు కారణముగా చూపు నిబంధనలు 2019లో తొలగించబడినవి. ఇందులో వ్యాధిగ్రస్థుల స్వంత సంఘముల శ్రమ ఉన్నది. తమిళనాడులోని డాక్టరు పి. కె. గోపాల్ గారును, తెలంగాణవాడైన వి. నర్సప్ప గారును తాము ఆ వ్యాధిని అనుభవించి నయమైనవారే. వారు సభలలో నిలబడి తమ నోటితో మాట్లాడారు.

ఫ్లోరైడు గ్రామములు

ఈ వెలి కుష్ఠువ్యాధికి మాత్రమే కాదు. కృష్ణమ్మ మన నందికొండ గుమ్మము ముందు నిలిచియుండగా, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతములవారు తరములతరబడి ఫ్లోరైడు నీరు త్రాగారు. ఎముకలు వంగినవి, పండ్లు గారపట్టినవి. అది అంటురోగము కాదు, నీటి దోషము. అయినను ఆ ఊళ్ళ పిల్లలకు సంబంధములు కుదరలేదు. నీటిలోని ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తీసివేయు పద్ధతికి నాగపూరు శాస్త్రజ్ఞులు 1970లలో 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారు. మన జిల్లా పేరు లోకమున ఆ విధముగా వ్యాపించినది.

2003లో జలసాధన సమితివారు దుశర్ల సత్యనారాయణ గారి నాయకత్వమున, ఫ్లోరోసిస్ బాధితుడైన అంశాల స్వామిని ఢిల్లీకి తీసికొనిపోయి ప్రధాని వాజపేయి గారి ముందు బల్లమీద ఉంచారు. ఆ దృశ్యము దేశమును కదిలించింది. వేయి మహజరులు చేయలేని పని అది చేసింది. అయితే స్వామి తన దేహమునే విజ్ఞాపన పత్రముగా మోయవలసి వచ్చెనను సంగతి మరువరాదు. తరువాతి సంవత్సరములలో ఆయన తానే విలేఖరులతో మాట్లాడుచు, తన వారి పక్షమున అడుగుచు జీవించి, 2023లో మరణించారు.

మాచనూరు రేడియో

మరి డబ్బు పెట్టువారు వేరొక రీతిగా పెట్టగలరా? పెట్టగలరని చూపిన ఊరు మన తెలంగాణలోనే ఉన్నది. పాత మెదకు జిల్లాలో, జహీరాబాదు సమీపమున, మాచనూరు అను గ్రామములో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి ఆధ్వర్యమున దళిత స్త్రీల సంగములు రేడియో స్టేషను కట్టుకొన్నవి. యునెస్కో ఇచ్చిన సహాయముతో 1998లోనే గది, యంత్రములు సమకూరినవి. లైసెన్సు మాత్రము రాలేదు. గాలిలోని తరంగములు ప్రజల ఆస్తియని సుప్రీంకోర్టు 1995లో చెప్పియున్నను, ప్రభుత్వము 2002లో విద్యాసంస్థలకు మాత్రమే అనుమతి ఇచ్చింది. 2006లో గాని స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరువలేదు.

ఆ పది సంవత్సరములు ఆ స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తమ మాటలను, పాటలను, విత్తనముల సంగతులను, నాటువైద్యమును క్యాసెట్లమీద ఎక్కించి, సంగము కూడినప్పుడు వినిపించుకొన్నారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోనికి వచ్చినది. దాని చుట్టు ఇరువదియైదు కిలోమీటర్లలోని పల్లెలకు తమ యాసలోనే మాట వినబడినది. దానిని నడిపిన నర్సమ్మలు ఇద్దరును ఆ పల్లెల దళిత కుటుంబముల ఆడబిడ్డలే.

ఇది ప్రత్యేకముగా వ్యాధిగ్రస్థుల రేడియో కాదు. అయినను మనకు మూడు పాఠములు నేర్పుచున్నది. మొదటిది, సొమ్ము ఇచ్చినవారు బొమ్మ కోరలేదు, మైకును ఇచ్చి ప్రక్కకు తొలగారు. రెండవది, ఫలము చూచుటకు పది సంవత్సరములు పట్టినది. సంవత్సరమునకు ఒక లెక్క, లెక్కకు ఒక నివేదిక అని తొందరపడు దాత అయితే మూడవ సంవత్సరమే చేయి ముడిచేవాడు. మూడవది, యంత్రము కొనుట సులభము, దినదినము నడుపుట కష్టము. కరెంటు బిల్లు, మరమ్మతు, మనుష్యుల భృతి, వీటికి ఎవరును శిలాఫలకము వేయించరు.

మన కర్తవ్యము

లేవీయకాండములో చెప్పబడిన కుష్ఠు నేటి ఈ వ్యాధి ఒక్కటే కాదని పండితులు చెప్పుదురు. అక్కడి హెబ్రీ మాట బట్టలకును ఇంటి గోడలకును కూడ వాడబడినది. కాబట్టి ఆ అధ్యాయములను చదివి ఒక మనుష్యుని శపితునిగా ఎంచుట వాక్యమును తప్పుగా వాడుటయే. మన సంఘములలో ఇప్పటికిని 'పాపము ఒక కుష్ఠు' అని సులభముగా అనేస్తాము. వెనుక బల్లమీద స్వస్థపడిన ఒక సహోదరుడు కూర్చున్నాడేమో చూడము. మార్కు సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు ముందు చేయి చాపి ముట్టాడు. తరువాత ఆ సంగతిని ఊరూర చాటినది శిష్యులు కాదు, స్వస్థపడినవాడే.

ఈ శతవార్షికోత్సవ కృతజ్ఞతార్పణలో కొంత భాగము ప్రత్యేక నిధిగా ఉంచవలెనని పెద్దల ముందు నేను మనవి చేయుచున్నాను. పెద్ద రేడియో స్టేషను మన తరము కాకపోవచ్చును. బుఱ్ఱకథ, ఒగ్గుకథ, కోలాటము మన తరమే. బిషప్ అజరయ్య గారి కాలము నుండి చదువురాని సంఘములకు పాటలతోనే వాక్యము నేర్పిన వారసత్వము మనది. చేతిలోని ఫోనులోనే గొంతు రికార్డుచేసి పది ఊళ్ళకు పంపగల కాలములో ఉన్నాము.

అయితే ఆ నిధికి కొన్ని నిబంధనలు ఉండవలెను. ఎవరి కథ చెప్పుచున్నామో వారి సమ్మతి ముందు పొందవలెను, వారు వద్దన్న దినమున ఆపవలెను. ఏ మాటతో తమ్మును పిలువవలెనో వారే నిర్ణయింపవలెను. సొమ్ము ఖర్చును నిర్ణయించు కమిటీలో వారిలో కనీసము సగముమంది ఉండవలెను. కథ చెప్పినవారికి, పాట పాడినవారికి కూలి ఇవ్వవలెను, బీదవారి గొంతు ఉచితమను తలంపు మానవలెను. కనీసము అయిదు సంవత్సరములు ఆపక నడుపవలెను. లెక్కలు ఆరాధన తరువాత సంఘము ఎదుట చదువవలెను.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు నేను ఆ ముసలమ్మ కాలనీకి మరల వెళ్ళాను. ఆమె ఇప్పుడు లేదు. కూతురు ఉన్నది. అమ్మ సంగతి వ్రాయవచ్చునా అని అడిగాను. కొంచెము సేపు ఆలోచించి, "రాయుండ్రి అయ్యగారూ, గని రాసినంక నాకు చదివి ఇనిపియ్యుండ్రి" అన్నది. చదివి వినిపించాను. రెండు చోట్ల దిద్దింది. కడియము సంగతి తీసివేయుదునా అంటే, "అది ఉండనియ్యుండ్రి, అది మా అమ్మది" అన్నది.

షోమ్రోను రాజు వలె మనము కూడ గవిని వెలుపలివారి మాటను నమ్ముటకు ఆలస్యము చేశాము. ఇక ఆలస్యము చేయకుండ దేవుడు మనకు సహాయము చేయును గాక.